జీపు వచ్చిన రోజు చుట్టాలం

ఆహ్వానపత్రిక చిన్న పలక మందాన ఉంది. పైన పట్టుగుడ్డ, దాని మీద బంగారు రంగు ముద్ర, లోపల వినాయకుడు, వినాయకుడి కంటే రెండింతల సైజులో చచ్చిపోయిన ముదలాళి బొమ్మ. మా వైపు యజమానిని ముదలాళి అంటారు. ఆయన పేరు మీద విరుదునగర్‌లో కొత్త కల్యాణమండపం కట్టారట, ప్రారంభోత్సవానికి నేను తప్పక రావాలట. ఒక హాలులో పాత అగ్గిపెట్టెల కంపెనీ చరిత్రంతా ప్రదర్శనకు పెడుతున్నారట. కంపెనీని కుటుంబంగా భావించి శ్రమించిన తల్లుల ఫోటోలు గోడ మీద వేలాడదీస్తారు కాబట్టి మా అమ్మ ఫోటో కూడా వెంట తెమ్మని ఒక ఉత్తరం జతచేశారు. అర పేజీ ఉత్తరంలో కుటుంబం అనే మాట నాలుగు సార్లు ఉంది. ఆ మాట ఆ ఇంటివాళ్ళ నోట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళంతా కారం రాసినట్టు ఉంటుంది. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ చూడకుండా తిట్టడం నాకు చేతకాదు. చూసి తిడితేనే తృప్తి.

నేను నెల్లూరులో ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని. తెలుగు అక్షరాలు నాకు ముప్పయ్యో ఏట వచ్చాయి, మా అమ్మాయి ఒకటో తరగతి వాచకంలోంచి, దాని పక్కన కూర్చుని, దానికంటే నెమ్మదిగా. అంతకుముందు తెలుగు నాకు నోటి భాషే. మా ఊరు కోవిల్‌పట్టికి ఆరేడు మైళ్ళ దూరంలో నల్లరేగడి మీద ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో తమిళం, దేవుడికి కూడా తమిళమే. నెల్లూరులో మొదటి ఏడాది నేను నోరు తెరిస్తే తోటి నర్సులు పమిట అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. "మీ అవ్వల కాలం నాటి తెలుగు" అనేవాళ్ళు. నిజమే, మా అవ్వ దగ్గర నేర్చుకున్నదే. ఆ తెలుగును తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వచ్చేది. దాన్ని అడ్డం పెట్టుకుని మా అమ్మ బతుకును ఎలా మింగేశారో తలుచుకుంటే అంతకు పదింతలు కోపం వచ్చేది. రెండో కోపం ఇంకా చల్లారలేదు.

రైలు దిగి కోవిల్‌పట్టిలో ఆరోగ్యక్క ఇంట్లో దిగాను. ఆరోగ్యక్క మా అమ్మతో పాటు ఒకే కంపెనీలో పనిచేసిన మనిషి. మా ఊరి తూర్పున ఉన్న కాలనీలో, అంటే దళితవాడలో పుట్టింది, చర్చికి వెళ్ళే వాళ్ళు. ఆమె ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లో మాట్లాడే తెలుగే, అదే యాస. చిన్నప్పుడు నేను ఆమెను "ఏ ఆరోగ్యం" అని పిలిచేదాన్ని. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. మా వీధి పిల్లలందరం కాలనీ ఆడవాళ్ళను అట్లాగే పిలిచేవాళ్ళం, వాళ్ళ జుట్టు నెరిసినా సరే. ఎవరూ తప్పనలేదు. అక్క అని పిలవడం నెల్లూరు పోయి సెలవుల్లో తిరిగొచ్చినప్పుడే నేర్చుకున్నాను. నర్సింగు బడి సంగతి నాకు మొదట చెప్పిందీ, చర్చి సిస్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిందీ ఆమే. మా మేనత్తలూ పినతండ్రులూ ఆ వేళకు మా వంశం గొప్పలు చెప్పుకోవడంలో తీరిక లేకుండా ఉన్నారు.

మా ఇల్లంటే రెండు గదులు, ముందు ఒక తాటాకు పంచ. నాన్న నేను నడక నేర్చేలోపే పోయాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను. అమ్మ పేరు గురువమ్మ. పొద్దున కంపెనీకి పోయి అగ్గిపెట్టెలకు కాగితాలు అంటించేది, సాయంత్రం ఒక గోతం నిండా ఖాళీ పెట్టెల అట్టలు ఇంటికి తెచ్చి, పంచలో కూర్చుని మళ్ళీ అంటించేది. ఆ జిగురు వాసన నా చిన్నతనం మొత్తానికీ అంటుకుని ఉంది. మైదాపిండి ఉడకబెట్టి అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళు. జిగురు లేత నీలంగా అయ్యేది. బొద్దింకలు తినకుండా కలుపుతారని కంపెనీ మేస్త్రీ చెప్పేవాడు. మైదాపిండి ఉడుకుతుంటే గంజి వాసన వస్తుంది, ఆకలితో ఉన్న పిల్లకు నోరూరుతుంది. మైలుతుత్తం బొద్దింకల కోసం కాదు, మా కోసమని ఐదేళ్ళ వయసులోనే ఒకసారి వేలు నాకి, రోజంతా వాంతులు చేసుకుని తెలుసుకున్నాను. ఆ జిగురు వల్ల అమ్మ పది వేళ్ళ చివర్లూ ఎప్పుడూ నీలంగా ఉండేవి. చింతపండు పెట్టి తోమినా పోయేది కాదు. అన్నం కలిపి నోట్లో పెడితే నేను ఆ నీలం వేళ్ళ వంకే చూస్తూ తినేదాన్ని.

అవ్వ పని చేసేది కాదు. వక్కాకు నములుతూ మా పూర్వీకులు ఉత్తరం నుంచి గుర్రాల మీద వచ్చిన కథ చెప్పేది. వచ్చినవాళ్ళలో అన్న సంతతికి ముదలాళి పుట్టాడట, తమ్ముడి సంతతిలో మా తాత. గుర్రాలు దిగేటప్పుడు నేలంతా అన్న వైపు ఎట్లా ఒరిగిపోయిందో మాత్రం ఆ కథలో ఉండేది కాదు. మేము, ముదలాళి ఒకటే కులం, ఒకటే భాష, ఒకటే ఇలవేల్పు. అమ్మ ఆయన్ను "మామా" అని పిలిచేది, ఆయన అమ్మను "ఏం గురువమ్మా" అని పిలిచేవాడు. అమ్మను చూసి నేనూ మామా అనేదాన్ని. "వడ్డించేవాడు మనవాడైతే యే బంతిలో కూచుంటే ఏమే" అని అవ్వ రోజుకు రెండు సార్లైనా అనేది. ఆమె ముఖంలో అప్పుడొక ధీమా కనిపించేది. బంతిలో కూర్చోబెట్టడం మాట అటుంచి, విస్తరైనా వేశారా లేదా అని అడగడం ఆమెకు ఎన్నడూ తోచలేదు.

కంపెనీలో ఒక రిజిస్టరు ఉండేది. అందులో పేరున్నవాళ్ళకు పండుగ బోనసు, జబ్బు చేస్తే సెలవు, వయసైపోయాక నెలనెలా ఎంతో కొంత వస్తాయి. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ మా వీధి ఆడవాళ్ళ పేరు ఒక్కటి కూడా అందులో లేదు. ఎందుకంటే ముదలాళి ఒకసారి నవ్వుతూ, "ఇంటోళ్ళకు రిజిస్టరు ఏలమ్మా? కోడలి పేరు మామ పుస్తకంలో రాసుకుంటాడా?" అన్నాడట. ఆ ముక్క విని మా వాళ్ళు మురిసిపోయారు. వేలిముద్ర వేయడం బయటివాళ్ళ పని. మాకు ఆ అవమానం లేదు. అమ్మ మంచినీళ్ళ కుండ దగ్గర కాకుండా ముదలాళి ఇంటి వెనక వసారాలో కూర్చుని మజ్జిగ తాగేది. ఆ గ్లాసెడు మజ్జిగ విలువెంతో లెక్కకట్టడానికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది, అప్పటికీ సరిగ్గా కట్టలేకపోయింది.

ఇక ఎర్రగడ్డల రోజుల సంగతి. ఉల్లిగడ్డలను మా వైపు ఎర్రగడ్డలంటారు. కార్మిక శాఖ ఇన్స్పెక్టరు జీపు మెయిన్ రోడ్డు మీంచి మా ఊరి మట్టిరోడ్డుకు తిరగ్గానే టీ కొట్టువాడు సైకిల్ మీద మనిషిని పంపేవాడు. కంపెనీలో గంట రెండు సార్లు మోగేది. రిజిస్టరులో పేరున్న పదిహేను ఇరవై మంది కూర్చున్న చోటే ఉండేవాళ్ళు. పేరు లేని మా వీధి ఆడవాళ్ళు లేచి, వెనక గోడకున్న చిన్న తలుపులోంచి ముదలాళి ఇంటి వంటింట్లోకి పోయేవాళ్ళు. అక్కడ నేల మీద గోనెపట్టాలు, వాటి మీద గంపెడు చిన్న ఉల్లిగడ్డలు సిద్ధంగా ఉండేవి. అందరూ చుట్టూ కూర్చుని పొట్టు తీసేవాళ్ళు. ఇన్స్పెక్టరు తొంగి చూస్తే ఇల్లంతా తెలుగు మాటలు, నవ్వులు, ఉల్లి ఘాటు. ముదలాళి భార్య తమిళంలో "మా చుట్టాలు, శుభకార్యానికి వచ్చారు" అనేది. తమిళం మాత్రమే తెలిసిన ఇన్స్పెక్టరుకు తెలుగులో మాట్లాడేవాళ్ళందరూ ఒకటే ఇంటివాళ్ళలా కనిపించేవాళ్ళు. మా భాష ఇంతటి ఘనకార్యానికి పనికొచ్చింది. అమ్మకు ఎర్రగడ్డల రోజంటే పండుగ. ఫ్యాను కింద కూర్చోవచ్చు, స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తారు, సాయంత్రం ఇంటికొస్తే చేతులు జిగురు వాసన కాకుండా ఉల్లి వాసన వస్తాయి. "ఈ పొద్దు మామ ఇంట్లో ఉంటిని" అని వీధంతా వినబడేటట్టు చెప్పేది.

కాలనీ ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ పేర్లూ రిజిస్టరులో లేవు. వాళ్ళదీ మా తెలుగే. కానీ ఆ వంటింటి గడప వాళ్ళను రానిచ్చేది కాదు. గంట రెండు సార్లు మోగితే వాళ్ళు వెనక గేటులోంచి పత్తి చేలోకి పోయి, జీపు వెళ్ళిపోయేదాకా ఎండలో కూర్చోవాలి. అంటే భాష ఒకటైతే చుట్టరికం అన్న మాట పచ్చి అబద్ధం. ఇన్స్పెక్టరును మోసం చేయడానికి సరిపోయినంత చుట్టరికం, అంతకు మించి ఒక్క పొట్టు కూడా ఎక్కువ కాదు. అప్పుడు నాకది తెలియదు. పత్తి చేలో కూర్చున్నవాళ్ళను చూసి మా అమ్మ ఎంత గొప్పదో అనుకున్నాను.

ఆ రోజు నాకు పదకొండేళ్ళు. బడికి సెలవు, అమ్మకు సద్ది తీసుకుని కంపెనీకి పోయాను. సద్ది ఇచ్చేలోపే గంట మోగింది. అమ్మ నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. నాకూ ఒక ఉల్లిగడ్డ చేతిలో పెట్టారు. కొత్త ఇన్స్పెక్టరు వచ్చాడు. కుర్రవాడు, మీసాలు ఇంకా గట్టిపడలేదు, చెప్పుల నిండా దుమ్ము. అందరిలా ముందు గదిలో కాఫీ తాగి పోకుండా సరాసరి వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముదలాళి భార్య మామూలు పాఠం తమిళంలో ఒప్పజెప్పింది. అతను తల ఊపి, మా వైపు తిరిగి, తెలుగులో అడిగాడు.

"ఏమ్మా, మీరంతా ఈ కంపెనీలో పనిచేస్తారా?"

అతను హోసూరు వైపు మనిషని, అక్కడా మాలాగే ఇళ్ళలో తెలుగు మాట్లాడతారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ తలెత్తలేదు. మా అమ్మకు ధైర్యం ఎక్కువ, లేదా గర్వం ఎక్కువ, ఆమే నోరు తెరిచింది.

"లేదు సారూ. మేము ముదలాళికి చుట్టాలము. విశేషానికి వచ్చినాము."

"ఏమి విశేషం?"

"చెవులు కుట్టేది."

"యెవరికి?"

అమ్మ చుట్టూ చూసింది. ఆ ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరు. చివరికి నన్ను చూపించింది. నా చెవులకు అప్పటికే రంధ్రాలున్నాయి, వాటిలో వేపపుల్లలు కూడా ఉన్నాయి. ఇన్స్పెక్టరు నా చెవుల వంక చూసి, నవ్వు ఆపుకుని, అమ్మ చేతుల వంక చూశాడు.

"ఎర్రగడ్డలు ఒలిస్తే వేళ్ళు నీలమవుతాయా అమ్మా?"

"సున్నంలో నీలిమందు కలిపి గోడలకు పూసినాము. విశేషం గదా."

అమ్మ తెలివికి ఈ రోజుకీ నాకు ఆశ్చర్యమే. అంత తెలివి తనకోసం ఒక్కసారైనా వాడుకోలేదని అంతకంటే ఆశ్చర్యం. ఇన్స్పెక్టరు గొంతుక్కూర్చుని, చిన్న గొంతుతో అన్నాడు. "అమ్మా, నేను మీ ముదలాళిని జైల్లో పెట్టేదానికి రాలేదు. పేరు చెప్పు, రాసుకుంటాను. పేరు ఎక్కితే రేపు నీకు చేతులాడనప్పుడు కూడు వస్తాది. యెవరినీ అడిగే పని లేదు." మా అమ్మ తల ఎత్తి, ఇన్నేళ్ళూ నా చెవుల్లో తిరుగుతున్న మాట అంది. "మాకు కూడు పెట్టేదానికి మా మామ ఉండాడు సారూ."

అతను నా వైపు తిరిగాడు. "పాపా, నువ్వు చెప్పు. మీ అమ్మ రోజూ యాడికి పోతాది?" అతని భుజం వెనక, చావడి తలుపు దగ్గర ముదలాళి నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు, బెదిరించలేదు. నన్ను చూసి చిరునవ్వు నవ్వాడంతే. ఆ నవ్వుకు నేను పొంగిపోయాను. ఎవరూ నేర్పలేదు, ఎవరూ గిల్లలేదు. "యాడికీ పోదు. ఇది మా మామ ఇల్లు" అన్నాను. స్పష్టంగా, గట్టిగా, బడిలో పద్యం చెప్పినట్టు.

ఇన్స్పెక్టరు లేచి బయటికి పోయాడు. పోతూ పోతూ వెనక గేటు తెరిచి ఉండడం చూసి పత్తి చేలోకి నడిచాడు. అక్కడ జరిగింది ఆరోగ్యక్క నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఎండలో ముడుచుకుని కూర్చున్న తొమ్మిది మందిని చూసి అతను అదే ప్రశ్న, అదే తెలుగులో వేశాడు. ఎనిమిది మంది నేల చూశారు. ఆరోగ్యక్క లేచి నిలబడింది. "పనేగదా సారూ చేసేది! విందుకు వచ్చినోళ్ళను యెవరైనా ఎండలో కూచోబెడతారా? నా పేరు ఆరోగ్యం, రాసుకోండి" అంది. ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు. ఆ ఐదుగురి పేర్లు ఆ రోజు రిజిస్టరులోకి ఎక్కాయి. ముదలాళి వాళ్ళను మాన్పించలేకపోయాడు. మేస్త్రీ మాత్రం ఏడాది పాటు వాళ్ళకు వంకర అట్టలూ ఎండిపోయిన జిగురూ ఇచ్చి కసి తీర్చుకున్నాడు. చూడండి మరి. వంటింట్లోకి రానిస్తే మేము మునిగాము, రానివ్వకపోతే వాళ్ళు తేలారు. ముదలాళి జీవితంలో ఎవరికైనా మేలు చేశాడంటే అది గడప బయట నిలబెట్టిన వాళ్ళకే, అదీ చెయ్యాలని కాదు.

ఆ సాయంత్రం మా ఇంటికి శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా వచ్చింది, ఆకు పొట్లంలో. "గురువమ్మ నా మానం కాపాడె" అని ముదలాళి అన్నాడని మోసుకొచ్చినవాడు చెప్పాడు. అవ్వ ఆ మాట నాలుగు సార్లు చెప్పించుకుంది. ముందు ముక్క నాకే పెట్టారు, "పిల్ల గట్టిది" అంటూ. ఇప్పుడు చక్కెర జబ్బున్నదాన్ని కాబట్టి పాల్కోవా తినను. జబ్బు లేకపోయినా తినగలిగేదాన్ని కాదు. మా అమ్మ ముసలితనం మొత్తం అమ్మి కొన్న తీపి అది. ఆ బేరంలో నా నోరూ ఉంది. ముదలాళిని తిట్టే ప్రతిసారీ చివరి తిట్టు నన్ను నేనే తిట్టుకుంటాను.

నేను నర్సింగు చదువుకుని నెల్లూరు పోయాను. ముదలాళి కొడుకులు విరుదునగర్‌లో బట్టల షోరూమ్ పెట్టి కాపురం అక్కడికే మార్చారు, కంపెనీలోకి యంత్రాలు దింపారు. యంత్రాలొచ్చాక మేస్త్రీ మా వీధి ఆడవాళ్ళతో, "మీరు ఇంటోళ్ళు గదా, రేపటి నుంచి వచ్చే శ్రమ వద్దు" అన్నాడు. రిజిస్టరులో ఉన్నవాళ్ళకు కాగితాలు, సంతకాలు, చేతికొచ్చే మొత్తం, నెలనెలా వచ్చేది. మా వాళ్ళకు ఒక్కొక్కరికి ఒక చీర. చుట్టాలను సాగనంపేటప్పుడు చీరేగా పెడతారు! ఆరోగ్యక్కకు వచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు. ఉప్పుకూ చింతపండుకూ పోగా కిరసనాయిలుకు వెతుక్కోవాలి. "కానీ యెవరి మొకమూ చూసే పని లేదు పాపా" అంటుంది ఆమె. నేను నెల్లూరు నుంచి డబ్బు పంపితే మా అమ్మ తీసుకుని ఏడ్చేది. కూతురి సొమ్ము తినే గతి పట్టిందని సిగ్గుపడేది. ఇరవై ఎనిమిదేళ్ళు నీలం వేళ్ళతో పనిచేసిన మనిషి సిగ్గుపడేది. చేయించుకున్నవాడు మేడ మీద మేడ వేశాడు.

చేతులు వణకడం మొదలయ్యాక ఒకసారి నాకు చెప్పకుండా బస్సెక్కి విరుదునగర్‌లో ముదలాళి ఇంటికి పోయింది. మామను అడిగితే కాదనడని ఆమె నమ్మకం. ఆయన పక్షవాతంతో మేడ మీద పడి ఉన్నాడు. హాల్లో మనవడు ఉన్నాడు, ఫోను చూసుకుంటూ. "గురువమ్మ వచ్చిందని మామకు చెప్పు నాయనా" అంది అమ్మ. వాడు తమిళంలో "ఎవరు పాట్టీ నువ్వు?" అన్నాడు. పాట్టి అంటే తమిళంలో అవ్వ. అమ్మ మళ్ళీ తెలుగులోనే చెప్పింది. వాడికి అర్థం కాలేదు. ఆ ఇంట్లో అప్పటికి తెలుగు ముసలాయనతో పాటు మేడ మీద మంచం పట్టింది. వాడు నవ్వి, వంటమనిషిని పిలిచి, ఈమెకు ఏం కావాలో చూడమన్నాడు. అమ్మ మధ్యాహ్నం దాకా వంటింటి వెనక కూర్చుంది. ఊరికే కూర్చోలేక, అక్కడున్న ఉల్లిగడ్డలు ముందుకు లాక్కుని ఒలిచిపెట్టింది. అన్నం పెట్టారు, తిని, బస్సెక్కి వచ్చేసింది. "మర్యాదగానే చూసినారు" అని నాతో ఫోనులో చెప్పింది. నేను ఫోనులోనే అరిచాను. ఆ తర్వాత రెండేళ్ళకు అమ్మ పోయింది. ఆ అరుపు వెనక్కి తీసుకోవాలని ఉంటుంది, తీసుకోవడానికి ఆమె లేదు.

ఇదంతా మోసుకుని, ఆరోగ్యక్కను వెంటబెట్టుకుని, ఆ ప్రారంభోత్సవానికి పోయాను. మండపం వాకిట్లో సన్నాయి, ఏసీ, పన్నీరు చల్లే యంత్రం. మనిషి చల్లాల్సిన పన్నీరు కూడా యంత్రమే చల్లుతోంది, దాని పేరు ఏ రిజిస్టరులోనూ రాయక్కరలేదు. ప్రదర్శన హాల్లో గాజు పెట్టెలో ఆ పాత రిజిస్టరును తెరిచి పెట్టారు. పక్కన తమిళంలో, ఇంగ్లీషులో ఒక పలక. ఆ రోజుల్లోనే కార్మికుల సంక్షేమం గురించి ఆలోచించిన మహానుభావుడని దాని సారం. తెరిచిన పేజీలో కింది నుంచి ఐదో పేరు ఆరోగ్యక్కది. ఆయన మెడ మీద కత్తి పెట్టి రాయించిన పేరు ఆయన దయకు సాక్ష్యంగా గాజు పెట్టెలో మెరుస్తోంది. ఆరోగ్యక్క కళ్ళజోడు సర్దుకుని చూసి, "నా వేలిముద్ర బాగుండాది గదా పాపా" అంది. ఆమెకున్న పాటి హాస్యం నాకు లేదు.

ద్వారం దగ్గర టై కట్టుకున్న కుర్రవాడు చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని తమిళంలో అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. కార్మికుల కుటుంబమా, బంధువులా? కార్మికులకు నీలం బ్యాడ్జి, బంధువులకు ఎర్ర బ్యాడ్జి. ఎర్ర బ్యాడ్జి వాళ్ళకు మొదటి బంతి. నేను మా అమ్మ పేరు చెప్పాను. "పనిచేసింది" అన్నాను. నా నోట్లోంచి ముందు తెలుగులోనే వచ్చింది. వాడు తెల్లబోయి చూస్తే తమిళంలో మళ్ళీ చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది అన్నాను. వాడు వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు.

"రికార్డులో పేరు లేదు ఆంటీ. పేరు లేకుండా వర్కర్ అని వెయ్యలేను. బంధువులని వేస్తాను, అది ఇంకా గౌరవం కదా."

వాడిది తప్పు కాదు. నేను యాభై ఏళ్ళ కిందట ఇచ్చిన వాంగ్మూలాన్నే వాడు నాకు తిరిగి చదివి వినిపించాడు. వద్దన్నాను. అమ్మ ఫోటో ఉన్న కవరు సంచిలోంచి తియ్యనే లేదు. ఆరోగ్యక్క మాత్రం నీలం బ్యాడ్జి పెట్టించుకుని, "నా పేరు మీద పెట్టే కూడు, ఏల వదలాల?" అంటూ భోజనాల హాలు వైపు పోయింది.

నేను గాలి కోసం మండపం వెనక్కి నడిచాను. అక్కడ షామియానా కింద ఒకే రంగు చీరలు కట్టిన పదిమంది ఆడపిల్లలు నేల మీద కూర్చుని చిన్న ఉల్లిగడ్డలు ఒలుస్తున్నారు. చీర అంచు మీద షోరూమ్ పేరు. అజమాయిషీ చేసే ఆమెతో తమిళంలో మాట్లాడుతున్నారు. వాళ్ళలో ఇద్దరు తమలో తాము తెలుగులో గుసగుసలాడుతున్నారు. అడిగితే ఒక పిల్ల తాయిల్‌పట్టి దాపు ఊరిదని చెప్పింది. బాణసంచా పనికి పంపడం ఇష్టం లేక వాళ్ళమ్మ ఇక్కడ చేర్పించిందట.

"ఈ పొద్దు షోరూమ్ సెలవు గదమ్మా?" అన్నాను.

"సెలవే పెద్దమ్మా. ఇంటి విశేషం గదా, రమ్మన్యారు. మన షోరూములో అందరమూ ఒకే ఫేమిలీ అంటాడు మేనేజరు."

"నీ పేరు రిజిస్టరులో ఎక్కించినారా? పీఎఫ్ పట్టుకుంటారా?"

"ఇంకా ట్రెయినింగులోనే ఉండాము పెద్దమ్మా."

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగేండ్లు."

ఆ పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాను. ఉల్లి ఘాటు కళ్ళకు తగిలింది, కన్నీళ్ళు దాని వల్లనే అని ఆ పిల్ల అనుకుంటుందిలే అని తుడుచుకోలేదు. "ఇట్లా చూడు తల్లీ. ఎవరైనా వచ్చి అడిగితే, చుట్టాలమనీ ఫేమిలీ అనీ చెప్పొద్దు. పనిచేస్తాండాను, నా పేరు రాసుకోండి అని చెప్పు" అన్నాను. యాభై ఏళ్ళుగా నా నాలుక మీద ఉన్న మాట, ఆ వంటింట్లో చెప్పాల్సిన మాట. ఆ పిల్ల చేతిలోని ఉల్లిగడ్డ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఎవరొస్తారు పెద్దమ్మా, అడిగేదానికి?"

మా అమ్మను అడగడానికి ఒకడు వచ్చాడు. దుమ్ము పట్టిన చెప్పులతో ఆ గడప దగ్గర నిలబడి, మా భాషలోనే, ఆమెను అడిగాడు. ఆమె కాదంటే, నన్ను కూడా అడిగాడు.